కరెంటు పోయినా, ఎక్కువొచ్చినా ఇల్లు తట్టుకోవాలంటే ఏం చేయించాలి? (పాలకొల్లు వైపు, అమ్మానాన్నల ఇల్లు)

గోదారి_గట్టు | ఆదివారం ఉదయం 9:40
నమస్కారం అందరికీ. నేను హైదరాబాదులో ఉంటాను, అమ్మానాన్న పాలకొల్లు దగ్గర పల్లెలో ఉంటారు. నాన్నకు 71 ఏళ్ళు, ఇన్సులిన్ వాడతారు. మొన్న గురువారం సాయంత్రం గాలివానకు కరెంటు పోయి పావుగంటకు మళ్ళీ వచ్చింది. వచ్చీరాగానే హాల్లో బల్బులు ఎప్పుడూ లేనంత తెల్లగా వెలిగాయట. రెండు మీద ఉన్న ఫ్యాను ఐదు మీద ఉన్నట్టు తిరిగిందట. నాన్న లేచి మెయిన్ దగ్గరికి వెళ్ళేలోపే టీవీ వెనక టప్‌మని చప్పుడు, కాలిన వాసన. టీవీ, సెట్‌టాప్ బాక్సు, ఫ్రిజ్ బోర్డు, వైఫై అడాప్టరు, ఇన్వర్టరు, రెండు ఎల్‌ఈడీ బల్బులు పోయాయి. టీవీకి స్పైక్ గార్డు ఉంది, ఎర్రలైటు కూడా వెలుగుతూనే ఉండేది. ఎంసీబీలు (ఫ్యూజుల బదులు పెట్టే, తనంతట పడిపోయే స్విచ్చులు) రెండేళ్ళ కిందటివే, ఒక్కటి కూడా పడలేదు.

ఊళ్ళో అందరూ పిడుగు అంటున్నారు. నాకు నమ్మబుద్ధి కావడం లేదు. అక్టోబరు, నవంబరు వస్తున్నాయి, తుపాను పడితే నాలుగైదు రోజులు కరెంటు ఉండదు. ఒకేసారి సరిగ్గా చేయించేద్దామని ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

శ్రీరామా_టెలికాం | ఆదివారం 10:05
మెయిన్‌కే ఒక పెద్ద స్టెబిలైజరు పెట్టించెయ్యండి, సరిపోతుంది.

వైరింగ్_బాబాయ్ | ఆదివారం 10:52
స్టెబిలైజరు సంగతి తర్వాత. గోదారి_గట్టు గారూ, ముందు ఒక్కటి కనుక్కోండి. అదే సమయంలో పక్కిళ్ళలో, ఎదురిళ్ళలో లైట్లు ఎలా ఉన్నాయి? ఎవరింట్లోనైనా బల్బు దీపంలా మినుకుమినుకుమందా? అమ్మగారిని అడిగి చెప్పండి. పిడుగా కాదా అన్నది ఆ జవాబులోనే ఉంది.

గోదారి_గట్టు | ఆదివారం 11:30
బాబాయ్ గారూ, అమ్మకు ఫోన్ చేశాను. ఎదురింటి మామ్మగారి ఇంట్లో ఫ్యాను తిరగనే లేదట, బల్బు ఎర్రగా వెలిగిందట. ఆమె అప్పుడు మోటారు వేసి ఉంచారు, అది మూలిగి ఆగిపోయింది. వాళ్ళకు వస్తువులేమీ కాలలేదు. మా వెనకింటి వాళ్ళ టీవీ మాత్రం పోయింది. ఇది పిడుగు కాదనేనా?

వైరింగ్_బాబాయ్ | ఆదివారం 12:15
కాదు. పోలు మీద నూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే తీగ) తెగింది, లేదా జాయింటు వదులైంది. కాకినాడలో 26 ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, వస్తువులు పోయాయని పిలిచిన ఇళ్ళలో ఎక్కువసార్లు చూసింది ఇదే.

ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మీ వీధికి మూడు ఫేజులు (కరెంటు తెచ్చే తీగలు), ఒక నూట్రల్ వస్తాయి. మీ ఇల్లు ఒక ఫేజు మీద, మామ్మగారి ఇల్లు మరో ఫేజు మీద ఉంటాయి, నూట్రల్ మాత్రం అందరిదీ ఒకటే. ఫేజుకు నూట్రల్‌కు మధ్య 230 వోల్టులు, ఫేజుకు ఫేజుకు మధ్య 400 పైచిలుకు. నూట్రల్ ఉన్నంతసేపూ ఎవరి 230 వాళ్ళది. అది తెగిందంటే మీ ఇల్లు, వాళ్ళ ఇల్లు ఒకే దారంలో గుచ్చిన రెండు పూసల్లా ఆ 400 మధ్య వేలాడతాయి. ఆ 400ని సమానంగా పంచుకోవు. మోటారు నడుస్తున్న ఇంటికి 60, 70 వోల్టులే అందుతాయి. టీవీ, రెండు బల్బులే వెలుగుతున్న ఇంటి మీద 330, 340 వచ్చి పడతాయి. మామ్మగారింట్లో బల్బు ఎర్రబడింది, మీ ఇంట్లో తెల్లబడింది. రెండూ ఒకే సంఘటన.

ఎంసీబీ ఎందుకు పడలేదంటారా, అది చూసేది ఎంత కరెంటు పారుతోందన్నదే. వైరు మాడకుండా కాపాడటం దాని పని, వోల్టేజి దానికి తెలియదు. స్పైక్ గార్డులో ఉండే చిన్న బిళ్ళ రెప్పపాటులో వచ్చిపోయే దెబ్బను మింగుతుంది. నిమిషాల తరబడి 340 వస్తే ఆ బిళ్ళే మాడుతుంది. మీ నాన్నగారికి వచ్చిన వాసన దానిదే కావచ్చు, విప్పి చూడండి, నల్లగా పగిలి ఉంటుంది.

ఇప్పుడు స్టెబిలైజరు మాట. దాని మీద రాసి ఉన్న రేంజి లోపల హెచ్చుతగ్గులైతే సర్దుతుంది. అందులో హై కట్ (వోల్టేజి మరీ పెరిగితే ఆపేసే ఏర్పాటు) లేకపోతే 340కి అది కూడా పోతుంది.

ముందు కరెంటు వాళ్ళ 1912కి ఫోన్ చేసి పోలు మీద నూట్రల్ జాయింటు చూడమని కంప్లయింటు నంబరు తీసుకోండి. అది బాగుపడేదాకా ఇంట్లో ఎన్ని పెట్టినా వోల్టేజి ఇలాగే మళ్ళీ ఎగురుతుంది.

అత్తిలి_అబ్బాయి | ఆదివారం 1:20
మా ఇంట్లో అయితే ఎర్త్ (లీకైన కరెంటును నేలలోకి పంపే తీగ) లేదని మా మేస్త్రి ప్లగ్గు బోర్డులోనే నూట్రల్ నుంచి చిన్న ముక్క వైరు తీసి ఎర్త్ పిన్నుకు కలిపేశాడు. పదేళ్ళైంది, ఏ ఇబ్బందీ లేదు. ఖర్చు కూడా లేదు.

వైరింగ్_బాబాయ్ | ఆదివారం 1:48
బాబూ, ఇది చదవగానే లేచి మెయిన్ ఆపి ఆ ముక్క తీయించు. ఈ రోజే.

నూట్రల్ తెగనంతకాలం నువ్వన్నట్టు ఏమీ కాదు. తెగిన రోజున ఏమవుతుందో చూడు. ఇంట్లో ఒక్క బల్బు వెలిగి ఉన్నా ఫేజు ఆ బల్బు గుండా నూట్రల్ తీగలోకి వస్తుంది. అక్కడి నుంచి నీ ముక్క వైరు దాన్ని తిన్నగా ఫ్రిజ్ రేకుకు, వాషింగ్ మెషిన్ రేకుకు అందిస్తుంది. ఫ్రిజ్ పాడవదు, దాని తలుపు పట్టుకున్న మనిషి పోతాడు. ఒక ఇంట్లో ఇలాగే తడి కాళ్ళతో ఫ్రిజ్ తలుపు పట్టుకున్న ఆవిడను ఆవిడ కొడుకు కర్రతో కొట్టి విడిపించాడు. చెయ్యి కాలి నెల రోజులు కట్టుతో ఉంది. నేను వెళ్ళి బోర్డు విప్పితే అంగుళం ముక్క ఎర్ర వైరు కనబడింది. ఆ అంగుళం ముక్క ఇప్పటికీ నా పెట్టెలో ఉంది, కుర్రాళ్ళకు పని నేర్పేటప్పుడు చూపిస్తాను.

అత్తిలి_అబ్బాయి | ఆదివారం 2:30
తీయించేశాను బాబాయ్ గారూ. నాలుగు బోర్డుల్లో ఉంది. ఎర్త్ గుంత తవ్వించడానికి రేపు మనుషులు వస్తున్నారు.

ఓరుగల్లు_వాసి | ఆదివారం 4:10
ఎర్త్ గురించి మాది ఒక ముచ్చట. హన్మకొండలో మా ఇల్లు రాతినేల మీద ఉంది. ఇల్లు కట్టినప్పుడు గుంత నాలుగడుగులు కూడా తవ్వలేదు, రాయి తగిలిందని పైపు కోసి పెట్టిండ్రు. ఎండాకాలం వస్తే గీజరు ముట్టుకుంటే జిల్లుమనేది. ఎర్త్ అంటే గోడలకెల్లి బయటికి పోయిన తీగ కాదు, నేలతోని అది ఎంత కలిసింది అన్నదే లెక్క. చివరికి వేరే జాగల ఎనిమిది అడుగులు దించి, బొగ్గు, ఉప్పు పొరలు వేసి, పైపు మీద గరాటు పెట్టించినం. ఏప్రిల్, మే నెలల్లో వారానికొకసారి రెండు బకెట్ల నీళ్ళు పోస్తం. మీది డెల్టా నేల, తడి ఉంటది, మీకు గింత కష్టం ఉండదు.

గోదారి_గట్టు | సోమవారం రాత్రి 8:15
ఇవాళ సెలవు పెట్టి ఊరికి వచ్చాను. పోలు దగ్గర లైన్‌మన్ నిచ్చెన ఎక్కి చూస్తే నూట్రల్ అల్యూమినియం తీగను మెలిపెట్టి చుట్టి ఉంచారట, తుప్పు పట్టి బూడిదలా రాలిందన్నాడు. క్లాంపు వేసి బిగించాడు.

ఇంట్లో ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి కొలిచాడు. ఫేజుకు నూట్రల్‌కు 231. ఫేజుకు ఎర్త్‌కు 148. నూట్రల్‌కు ఎర్త్‌కు 80 పైన. ఇంటి వెనక తులసికోట పక్కన ఎర్త్ పైపు ఉంది. గోడ వెంట దిగిన జీఐ (జింకు పూత ఇనుప) తీగ మట్టిలోకి వెళ్ళే చోట పట్టుకుని లాగితే చేతిలోకి వచ్చేసింది. పైకి చూస్తే తీగ బాగానే ఉంది, మట్టిలో రెండంగుళాల లోతున మొత్తం పొడి. ఎన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఎర్త్ లేదో ఎవరికీ తెలియదు. అమ్మ రోజూ గ్రైండరు తడి చేత్తోనే ముట్టుకుంటుంది. ఆ తీగ చేతిలో పట్టుకుని కాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

వైరింగ్_బాబాయ్ | సోమవారం 9:05
ఎర్త్ ఉంటే నూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. 80 వచ్చిందంటే తీగ గాలిలో ఉన్నట్టే. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇది మామూలే. రాగి తీగతో, మట్టి పైన కనబడే చోట బోల్టు వేసి బిగించమనండి, ఆ బోల్టుకు గ్రీజు పూయమనండి. కనబడకుండా సిమెంటుతో కప్పేయకండి, ఏడాదికోసారి చూసుకోవాలి.

ఎర్త్ సరైందని మీటరు చెప్పాక డీబీలో (ఎంసీబీలుండే పెట్టెలో) రెండు పెట్టించండి. ఈ రెండూ ఒకటే అనుకుని చాలామంది ఒకటి కొని ఊరుకుంటారు.

ఒకటి ఓవర్ అండర్ వోల్టేజి ప్రొటెక్టరు. మొన్న మీకు జరిగినదానికి మందు ఇదే. 270 దాటినా, 170 కంటే పడిపోయినా ఇల్లు మొత్తం కట్ చేస్తుంది, వోల్టేజి సరిగ్గా నిలబడ్డాక మూడు నిమిషాలు ఆగి కలుపుతుంది. ఆ మూడు నిమిషాలు ఫ్రిజ్ కంప్రెసరుకు ప్రాణం. మా దగ్గర రెండు వేల లోపే దొరుకుతోంది.

రెండోది ఎస్‌పీడీ (సర్జ్ ప్రొటెక్షన్ డివైస్), టైప్ 2 అని రాసి ఉండేది. ఇది పిడుగు దగ్గరలో పడినప్పుడు, లైను ఆపి మళ్ళీ వేసినప్పుడు తీగలోకి వచ్చే దెబ్బను ఎర్త్‌లోకి తోసేస్తుంది. ఎర్త్ లేని ఇంట్లో దీన్ని పెట్టడం తూము లేని గదిలో నీళ్ళు పోయడమే. దీనికి వెళ్ళే వైర్లు అన్నీ కలిపి అర మీటరు దాటకూడదు, డీబీలో చుట్టలు చుట్టి పెట్టకూడదు. దాని మీద చిన్న కిటికీ పచ్చగా ఉండాలి, ఎర్రబడితే మార్చాలి. నెత్తి మీదే పిడుగు పడితే ఇదొక్కటే కాపాడుతుందని నేను చెప్పను.

తాటిచెట్టు_నీడ | సోమవారం 9:40
పిడుగుకు ప్లగ్గు పీకడాన్ని మించింది లేదు. మాకు ఒకసారి కరెంటు లైను నుంచి కాదు, కేబుల్ టీవీ తీగలోంచి వచ్చింది. టీవీ ప్లగ్గు పీకి ఉంచాం, కేబుల్ పిన్ను మాత్రం మరిచిపోయాం, టీవీ పోయింది. డిష్ తీగ, కేబుల్ తీగ కూడా పీకాలి. అదీ ఉరుములు దూరంగా వినబడుతుండగానే. నెత్తి మీదికి వచ్చాక ప్లగ్గుల జోలికి వెళ్ళకూడదు. పుణె ఐఐటీఎం వాళ్ళ దామిని యాప్ మా నాన్న ఫోనులో వేశాను, చుట్టుపక్కల 20, 40 కిలోమీటర్లలో పిడుగులు పడుతుంటే చూపిస్తుంది. పొలం నుంచి ఇంటికి రావడానికి కూడా అదే పనికొస్తోంది.

విశాఖ_బీచిరోడ్డు | సోమవారం 10:25
తుపాను గురించి నేను చెబుతాను. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ రోజున మేము విశాఖలోనే ఉన్నాం. మా వీధికి కరెంటు వచ్చింది పదో రోజున. ఇన్వర్టరు ఉంది కదా అని మొదటి రాత్రి నాలుగు ఫ్యాన్లూ వేసుకుని పడుకున్నాం. తెల్లారేసరికి అది కీచుమంటూ ఆగిపోయింది. ఆ తర్వాత తొమ్మిది రోజులు అది గదిలో మూల పడి ఉన్న బరువు.

అప్పుడు మాకు వెలుతురు కంటే నీళ్ళు పెద్ద కష్టమయ్యాయి. మోటారు లేదు, ట్యాంకు ఖాళీ. తుపాను హెచ్చరిక వచ్చిన రోజునే పైట్యాంకు, డ్రమ్ములు, బిందెలు అన్నీ నింపుకోవాలి. సెల్ టవర్లు ఒకటొకటిగా మూగబోయాయి. ఏటీఎంలు లేవు, కార్డు గీసే చోటు లేదు, చేతిలో ఉన్న చిల్లర నోట్లతోనే పాలు కొన్నాం. ఇప్పుడు అందరూ ఫోనుతోనే డబ్బు కడుతున్నారు కాబట్టి ఇది ఇంకా గుర్తుపెట్టుకోవాలి. గ్యాసు బండ రెండోది నిండుగా ఉంచుకోండి. బ్యాటరీ రేడియో ఒకటి ఉంటే ఊళ్ళో ఏం జరుగుతోందో తెలుస్తుంది.

ఇంకొకటి. పదో రోజున కరెంటు వచ్చినప్పుడు మా కింది వాటా వాళ్ళు అన్ని స్విచ్చులూ వేసే ఉంచారు, ఫ్రిజ్ పోయింది. మేము ఒక్క బల్బు మాత్రం ఉంచి మిగతావి ఆపేశాం. ఆ బల్బు అరగంట నిలకడగా వెలిగాకే ఫ్రిజ్ వేశాం.

లెక్కల_మాస్టారు | మంగళవారం ఉదయం 6:50
ఇన్వర్టరు ఎంతసేపు వస్తుందో కొనే ముందే లెక్క వేసుకోవచ్చు. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీ, 12 వోల్టులు, గుణిస్తే 1800 వాట్ అవర్లు. బ్యాటరీని పూర్తిగా పిండకూడదు, ఇన్వర్టరు కొంత తింటుంది. చేతికొచ్చేది 1150, 1200 అనుకోండి. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు. రెండు ఫ్యాన్లు, తొమ్మిది వాట్ల బల్బులు నాలుగు, వైఫై కలిపితే 200 దగ్గర పడుతుంది. అంటే ఆరు గంటలు. అవే ఫ్యాన్లు బీఎల్‌డీసీవి (తక్కువ కరెంటుతో తిరిగే మోటారువి) అయితే ఒక్కోటి 30 వాట్లే, మొత్తం 110 లోపు, పది గంటలు దాటుతుంది. రెండో బ్యాటరీ కొనే ముందు ఫ్యాన్లు మార్చమని నా సలహా. బిల్లు కూడా తగ్గుతుంది.

తుపాను రోజుల్లో రోజుకు మూడు గంటలే వాడతాం అనుకుంటే ఒక్క ఫ్యాను, ఒక్క బల్బు, ఫోను చార్జింగుతో నాలుగు రోజులు లాగవచ్చు. ఫ్రిజ్‌ను దీని మీద పెట్టకండి, కంప్రెసరు లేచేటప్పుడు మామూలుకంటే అనేక రెట్లు లాగుతుంది.

బ్యాటరీ సంగతి అందరూ మరిచిపోతారు. మూడు నెలలకోసారి డిస్టిల్డ్ వాటరు చూడాలి. కుళాయి నీళ్ళు వద్దు, యాసిడ్ అసలే వద్దు. టెర్మినల్స్ మీద పేరుకునే తెల్లటి, పచ్చటి పొట్టు వేడినీళ్ళతో కడిగి వ్యాజిలిన్ రాయాలి. చార్జింగులో మండే హైడ్రోజన్ వాయువు వస్తుంది, పూజగది పక్కన, మూసిన అరలో పెట్టకండి. వరద నీరు వచ్చే ఊరైతే నడుమెత్తు బల్ల మీద పెట్టించండి.

పలాస_జీడితోట | మంగళవారం 7:30
2018లో తిత్లీ అప్పుడు మా ఊళ్ళో జీడి చెట్లు, కొబ్బరి చెట్లు, పోళ్ళు అన్నీ కలిసి పడిపోయాయి. ఊరంతా కలిసి అద్దెకు జనరేటరు తెచ్చుకుని వంతులవారీగా నీళ్ళు తోడుకున్నాం, ఫోన్లు చార్జి చేసుకున్నాం. అంతవరకూ బాగుంది. ఒకాయన మాత్రం సొంత జనరేటరు తీగను ప్లగ్గు పాయింటులో గుచ్చేశాడు, మెయిన్ ఆపలేదు. ఆ కరెంటు మీటరు దాటి పోలు మీదికి వెళ్ళింది. పక్క పోలు మీద పక్క జిల్లా నుంచి వచ్చిన లైన్‌మన్లు పని చేస్తున్నారు. తీగ పట్టుకునే ముందు టెస్టరు పెట్టారు కాబట్టి బతికారు. ట్రాన్స్‌ఫార్మర్ ఎదురు తిరిగితే ఇంటి 230 పైన 11 వేల వోల్టులవుతుంది. ఎక్కడి నుంచో మన కోసం వచ్చి వానలో పోలెక్కిన మనుషులు వాళ్ళు. జనరేటరు పెట్టేవాళ్ళు చేంజోవరు స్విచ్చు (లైను కరెంటు, జనరేటరు కరెంటు కలవకుండా చూసేది) పెట్టించుకోండి, దయచేసి.

డల్లాస్_గోంగూర | మంగళవారం 8:05
2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుపానుకు రోజుల తరబడి కరెంటు లేదు. చలి తట్టుకోలేక గరాజ్‌లో కారు, ఇంట్లో బొగ్గు కుంపటి పెట్టుకున్న కుటుంబాలు కార్బన్ మోనాక్సైడ్‌తో నిద్రలోనే పోయాయి. దానికి వాసన ఉండదు. జనరేటరు వరండాలో కూడా వద్దు, ఇంటికి దూరంగా, పొగ కిటికీ వైపు రాకుండా పెట్టండి.

కూకట్‌పల్లి_మిద్దెతోట | మంగళవారం 12:40
మా ఇంటి మీద 3 కిలోవాట్ల సోలారు ఉంది, పీఎం సూర్యఘర్ కింద 78,000 సబ్సిడీ వచ్చింది. బిల్లు బాగా తగ్గింది. కానీ మిట్టమధ్యాహ్నం ఎండలో కరెంటు పోతే మా ఇంట్లో కూడా పోతోంది! పెట్టిన వాళ్ళు ఈ మాట ముందు చెప్పలేదు. పాడైందంటారా?

లెక్కల_మాస్టారు | మంగళవారం 1:15
పాడవలేదమ్మా, అలాగే చేస్తారు. బయట లైను చచ్చినప్పుడు మీ ఫలకాలు కరెంటు పంపితే పలాస ఆయన చెప్పినదే జరుగుతుంది, అందుకే తనంతట తాను ఆగుతుంది. కరెంటు పోయినప్పుడు కూడా కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ ఉండాలి.

మందుల_కొట్టు_అక్క | మంగళవారం 3:20
గోదారి_గట్టు తమ్ముడూ, నాన్నగారి ఇన్సులిన్ గురించి ఎవరూ రాయలేదు. వాడుతున్న సీసా చాలా రకాల్లో 30 డిగ్రీల లోపు నాలుగు వారాల వరకు బయట ఉండొచ్చు, పెట్టె లోపలి కాగితంలో ఆ రకానికి ఎన్ని రోజులో రాసి ఉంటుంది, డాక్టరును కూడా అడిగి ఉంచుకోండి. తెరవని సీసాలకు కరెంటు లేనప్పుడు పెద్ద కుండలో తడి ఇసుక, దాని మీద చిన్న కుండ, అందులో ప్లాస్టిక్ డబ్బాలో సీసా, పైన తడిగుడ్డ. నీడలో గాలి తగిలే చోట పెట్టండి. ఐసు ముక్కలకు తాకించకూడదు, గడ్డకట్టిన ఇన్సులిన్ పారేయాల్సిందే. ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంటే నాలుగు గంటలు చల్లగా ఉంటుంది. పిల్లలు వచ్చి తీస్తూ ఉంటారు, తలుపు మీద కాగితం అంటించండి.

గోదారి_గట్టు | శనివారం రాత్రి 9:30
అక్కా, నాలుగు కుండలు తెచ్చాం, రెండు ఎదురింటికి. అమ్మ వాటిని పెరట్లో బాదం చెట్టు కింద పెట్టి రోజూ తడుపుతోంది.

జరిగింది చెబుతాను. ఎర్త్ కొత్తది వేశారు. ఇప్పుడు ఫేజుకు ఎర్త్‌కు 229, నూట్రల్‌కు ఎర్త్‌కు ఒకటిన్నర. ప్రొటెక్టరు, ఎస్‌పీడీ బిగించారు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకై షాక్ కొడితే ఆపేసే స్విచ్చు) కూడా పెట్టమన్నాను, పెట్టగానే పడిపోతోంది. ఎలక్ట్రీషియన్ దాన్ని బైపాస్ చేసేస్తానన్నాడు, ఆపాను. బాబాయ్ గారూ, ఏమిటిది?

వైరింగ్_బాబాయ్ | శనివారం 9:50
ఆపి మంచి పని చేశావు. ఇన్వర్టరు లైను నూట్రల్‌ను మామూలు లైను నూట్రల్‌తో ఎక్కడో ఒక బోర్డులో కలిపేసి ఉంటారు. ఆర్‌సీసీబీ వెళ్ళిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానమా అని చూస్తుంది. ఇక్కడ వెళ్ళింది ఒక దారిన, వచ్చేది మరో దారిన. ఒక్కో బోర్డు విప్పి ఇన్వర్టరు నూట్రల్ విడదీయమను. సగం రోజు పని, విసుక్కుంటాడు, కూలి ఎక్కువిచ్చి చేయించు. తడి చేత్తో గ్రైండరు పట్టుకునే అమ్మను కాపాడేది ముఖ్యంగా అదే.

గోదారి_గట్టు | ఆదివారం సాయంత్రం 6:45
దొరికింది. వంటింటి బోర్డులో మూడు నల్ల వైర్లు ఒకే టేపులో చుట్టి ఉన్నాయి. విడదీశాక ఆర్‌సీసీబీ నిలబడింది, టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడింది. నెలకోసారి నొక్కమని నాన్నకు చూపించాను, క్యాలెండరులో ఒకటో తారీఖుల మీద గుర్తు పెట్టుకున్నారు.

మధ్యాహ్నం గాలికి కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. ప్రొటెక్టరు మీద అంకెలు 180, 195, 224 అని ఎక్కుతుంటే నాన్న కుర్చీ వేసుకుని దాని ముందే కూర్చున్నారు. మూడు నిమిషాలయ్యాక టక్‌మని కలిసింది. ఎదురింటి మామ్మగారు వచ్చి చూసి తమ ఇంటికీ చేయించమన్నారు. గురువారం మనిషి వస్తాడు. అక్కడ ముందు ఏం చూడమనాలి?

వైరింగ్_బాబాయ్ | ఆదివారం 7:10
ప్లగ్గులు. పాత ఇళ్ళలో రెండు రంధ్రాల బోర్డులో పట్టడం కోసం మూడో పిన్ను విరగ్గొట్టి ఉంటారు. గ్రైండరు, ఇస్త్రీపెట్టె, మోటారు ప్లగ్గులు చూసి విరిగినవన్నీ మార్పించు, ఆ తర్వాత ఎర్త్ పైపు ఎక్కడుందో మామ్మగారిని అడుగు.